ఏడుపు అంటుకోకముందే

పసిపిల్లల ఏడుపు మీ మీటింగులకు అడ్డమొస్తోందని గోడ అవతల నుంచి ఫోన్లు కొట్టిన పెద్దమనుషుల్లారా, ఇది మీరు చేసిన పనే. తలుపు మీరు వెయ్యలేదు, నిజమే. మీ చేతికి దుమ్ము కూడా అంటలేదు. తలుపు వేసింది ఒక ఆడమనిషి. ఆమె మీకు భయపడింది. ఆ భయం ఆమెను దాటి ఎవరి మీద పడిందో మీరు ఒక్క పూటైనా వచ్చి చూడలేదు. గది ఇచ్చాం, బొమ్మలు కొన్నాం, జీతాలిస్తున్నాం, ఇంకేం కావాలంటారు. సరే. ఆ గదిలో ఏం జరిగిందో వినండి. కుర్చీలేం అక్కర్లేదు, నిలబడే వినండి.

ఆ కంపెనీలో పనిచేసేవాళ్ళ పిల్లల కోసం కింది అంతస్తులో ఒక గది ఉండేది. దానికి ఆనుకునే మీటింగు హాలు. మధ్యలో ఒక్క గోడ, అదీ చెక్కతో కట్టిన పల్చటి గోడ. ఆ ప్లాను గీసినవాడు జన్మలో పిల్లనెత్తుకుని ఉండడు. ఇటు పక్క చెంచా కింద పడితే అటు పక్క వినిపించేది. అటు పక్క ఎవరైనా గొంతు సవరించుకుంటే ఇటు పక్క ఆయాల గుండె జారేది.

ఆయాలు ముగ్గురు. అందరికంటే పెద్దామెను పెద్దక్క అనేవాళ్ళు. మేనేజరు దగ్గర్నుంచి గేటు దగ్గర మనిషి దాకా అందరికీ ఆమె పెద్దక్కే. రెండో ఆమె సన్నగా పొడుగ్గా ఉంటుంది, నోరు మాత్రం ఊరంత. ఆమెకు చీపురుపుల్ల అని పేరు పడిపోయింది, ఆమే పెట్టుకుంది ఆ పేరు. మూడో ఆమె చేరి కొద్ది రోజులే అయింది కనుక కొత్తమ్మాయి.

ఏడుపు ఎలా అంటుకుంటుందో పెద్దక్కకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఒక పిల్ల రాగం అందుకుంటే పక్క పిల్ల ఆట ఆపి చూస్తుంది. ముందు కింది పెదవి వంకరపోతుంది. తర్వాత గడ్డం వణుకుతుంది. అప్పటికి మూడో పిల్ల ఈ పిల్ల మొహం చూస్తుంటుంది. దెబ్బ తగిలింది ఒకరికి, ఆకలేసింది ఒకరికి, అమ్మ గుర్తొచ్చింది ఒకరికి. మిగిలినవాళ్ళకు ఏమీ జరగలేదు, అయినా గుక్కపట్టి ఏడుస్తారు. అంతలోనే గది మొత్తం ఒకే గొంతు అయిపోతుంది. వెంటనే గోడకు తగిలించిన ఇంటర్‌కమ్ మోగుతుంది.

"ఏమ్మా, అక్కడ మనుషులున్నారా లేరా? ఏమిటా గోల? ఇక్కడ పెద్దవాళ్ళు కూర్చున్నారు."

"అయిపోయింది సార్, అయిపోయింది."

"ఏమైపోయింది? ఇంకా వినపడుతూనే ఉందిగా!"

ఫోను పెట్టేసరికి పెద్దక్క మొహం మాడిపోయి ఉండేది. చీపురుపుల్ల మొహమూ అంతే. అప్పుడు పిల్లలు ఇంకా గట్టిగా ఏడ్చేవాళ్ళు. మళ్ళీ ఫోను.

దీనికి ఒక మార్గం కనిపెట్టింది పెద్దక్కే. రెండో పిల్ల పెదవి వంకరపోకముందే మొదటి పిల్లను గదిలోంచి తీసేస్తే చాలు. గది చివర పక్కబట్టల గది ఉంది. బొంతలు, దుప్పట్లు, చిన్న దిండ్లు అరల నిండా పేర్చి ఉంటాయి. కిటికీ లేదు, పైన ఒక చిన్న కంత ఉంది. చుట్టూ గుడ్డలు కాబట్టి శబ్దం బయటికి రాదు. మొదట్లో పెద్దక్క పిల్లను ఎత్తుకుని తనూ ఆ గదిలోకి వెళ్ళేది, భుజాన వేసుకుని వీపు నిమిరేది, ఏడుపు ఆగాక తీసుకొచ్చేది. అది మంచి పనే. కానీ ముగ్గురు ఆయాల్లో ఒకరు లోపలే కూర్చుంటే బయట ఇంతమంది పిల్లల్ని ఎవరు చూస్తారు? ఇంకో మనిషినివ్వండని అడిగితే, చూద్దాం అన్నారు. చూడలేదు. అందుకని పిల్లను లోపల దించి, తలుపు దగ్గరకేసి, ఒక్క నిమిషంలో వస్తానని చెప్పి బయటికి రావడం మొదలైంది. పిల్లలు తలుపు నెట్టుకుని వచ్చేస్తున్నారని గడియ పెట్టడం మొదలైంది. ఆ ఒక్క నిమిషం సాగుతూ పోయింది.

ఆ ఉపాయం పని చేసింది. ఫోన్లు తగ్గాయి. మేడం వచ్చి, ఆ గది చూసి, పెద్దక్క భుజం తట్టింది. మేడం అంటే కంపెనీలోని పిల్లల గదులన్నింటికీ అధికారి. చెడ్డది కాదు. పైవాళ్ళంటే ఆమెకూ భయమే, అంతే.

ఇక్కడ చెప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. పెద్దక్కకు కూడా చెప్పుకోవడం ఇష్టం లేని సంగతి అది. మొదట్లో ఎవరు ఏడిస్తే వాళ్ళే ఆ గదిలోకి వెళ్ళేవాళ్ళు. అకౌంట్సు ఆఫీసరుగారి కవలలు ఉన్నారు, ఇద్దరూ గొంతు విప్పితే కప్పు లేచిపోతుంది. ఒకసారి అందులో ఒకణ్ణి లోపల పెట్టారు. సాయంత్రం ఆఫీసరుగారు పిల్లాడి జుట్టులోంచి దూది పోగు తీసి, "ఇదెక్కడిదమ్మా? వీణ్ణి ఎక్కడ పడుకోబెట్టారు?" అని అడిగారు. కేకలెయ్యలేదు, మర్యాదగానే అడిగారు. ఆ మర్యాదకే పెద్దక్కకు చెమటలు పట్టాయి. ఆ రోజు నుంచి కవలలు ఏడిస్తే చంక దిగలేదు. తర్వాత ఇంకొక తల్లి అడిగింది, ఆ పిల్లనూ మానేశారు. అలా అడిగే తల్లి ఉన్న ప్రతి పిల్లనూ మానేస్తూ పోతే చివరికి ఒక్క పిల్ల మిగిలింది.

ఆ పిల్ల పెద్దక్కకు సొంత తమ్ముడి కూతురు.

ఇంట్లో దాన్ని గువ్వ అంటారు. రెండేళ్ళు నిండాయో లేదో. తల్లి అదే కంపెనీలో ప్యాకింగులో పని. "మా వదిన ఉండగా నాకేం దిగులు" అని పొద్దున్నే పిల్లను పెద్దక్క చేతిలో పెట్టి వెనక్కి చూడకుండా వెళ్ళిపోయేది. గువ్వకు గొంతు పెద్దది. ఏడుపు అందుకోవడంలోనూ ముందే. చీపురుపుల్ల దానికి సైరన్ అని పేరు పెట్టింది. "అదిగో అక్కా, సైరన్ మోగబోతోంది, ఎత్తెయ్" అనేది. పెద్దక్క ఎత్తేసేది. కవలల్లో ఒకడు మొదలుపెట్టినా సరే, ఎత్తేసేది గువ్వనే. వాడు ఏడిస్తే ఇది అందుకుంటుంది, ఇది అందుకుంటే అందరూ అందుకుంటారు, కాబట్టి దీన్ని తీసేస్తే సరిపోతుంది. లెక్క సరిగ్గా కుదిరిందనుకుంది పెద్దక్క. మనసులో ఇంకో మాట కూడా అనుకునేది: మన పిల్లే కదా, అడిగేదెవరు?

అలా ఉండగా ఒకరోజు రోడ్డు తవ్వేవాళ్ళు ఏదో తీగ తెంపేశారు. కంపెనీ మొత్తం మీద లోపలి ఫోన్లు పడిపోయాయి.

"ఫోను చచ్చింది, మనం బతికాం" అంది చీపురుపుల్ల, రిసీవరు చెవి దగ్గర పెట్టుకుని, శవానికి దణ్ణం పెట్టినట్టు దానికొక దణ్ణం పెట్టి.

ఆ రోజూ పిల్లలు ఏడ్చారు. పడ్డవాడు ఏడ్చాడు, పాలు ఒలికిన పిల్ల ఏడ్చింది. కానీ ఏడుపు ఆ పిల్ల దగ్గరే ఆగిపోయింది. కొత్తమ్మాయి వెళ్ళి ఎత్తుకుంటే మిగిలినవాళ్ళు తలెత్తి చూసి మళ్ళీ ఆటలో పడ్డారు. పెద్దక్కకు ఇదేమీ అర్థం కాలేదు, గాలి మారిందేమో అనుకుంది. మధ్యాహ్నం చీపురుపుల్ల దుప్పటి కప్పుకుని ఎలుగుబంటిలా నడిచి, కాలికి దుప్పటి చుట్టుకుని ధబీమని కూలబడింది. గువ్వ నవ్వింది. గొంతు పెద్దది కదా, నవ్వూ పెద్దదే. పక్కవాడు గువ్వ మొహం చూసి నవ్వాడు. వాణ్ణి చూసి కవలలు నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో తెలియని పసిగుడ్డు కూడా తొట్టిలో కాళ్ళు కొట్టుకుంటూ కేరింతలు కొట్టింది. పెద్దక్క నడుం పట్టుకుని నవ్వింది. ఆమె కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

"లేవవే పుల్లా, నడుం విరిగిందా?"

"విరిగితే ఏం, అతికించుకుంటా. అదిగో చూడు, మన సైరన్‌కి నవ్వు కూడా వచ్చునక్కా!"

మర్నాడు ఫోను బాగుచేశారు. పిల్లలు ఆడుకుంటున్నారు, అటు హాల్లో మీటింగు కూడా లేదు. ఇంటర్‌కమ్ మోగింది.

పెద్దక్క వీపు కర్రలా బిగుసుకుపోయింది. చేతిలో మడతపెడుతున్న గుడ్డ చేతిలోనే ఉండిపోయింది. అప్పుడు చూసింది ఆమె. అన్నేళ్ళుగా ఎన్నడూ చూడనిది. ఫోను మోగితే పిల్లలు ఫోను వైపు చూడలేదు. ఒక్కొక్కరే తలతిప్పి ఆమె మొహం వైపు చూశారు. కింద కూర్చున్నవాళ్ళు, తొట్టిలో ఉన్నవాళ్ళు, అందరూ. ఆమె మొహంలో ఏం కనబడిందో, ఒక పెదవి వంకరపోయింది. తర్వాత ఇంకోటి.

గువ్వ ఏడవలేదు. లేచి నిలబడింది. తన చిన్న తువ్వాలు చేతిలోకి తీసుకుంది. బుడిబుడి అడుగులేసుకుంటూ గది చివరికి నడిచింది. పక్కబట్టల గది తలుపు నెట్టుకుని లోపలికి వెళ్ళింది. తిరిగి, తలుపును రెండు చేతులతో లాగి దగ్గరకు వేసుకుంది. పూర్తిగా పడలేదు. ఆ సందులోంచి పెద్దక్క వైపు చూస్తూ నిలబడింది. గడియ పెట్టడానికి మనిషి రావాలి కదా, ఎదురు చూస్తోంది.

"అమ్మో, చూడక్కా! డ్యూటీకి తనే వెళ్ళిపోతోంది!" అని చీపురుపుల్ల పగలబడి నవ్వింది. కొత్తమ్మాయి ఆమెను చూసి నవ్వింది. వాళ్ళిద్దర్నీ చూసి పెద్దక్క కూడా నవ్వింది. నవ్వుతూనే నడిచి వెళ్ళింది. అలవాటు పడ్డ చెయ్యి గడియ పెట్టేసింది.

కొత్తమ్మాయి ఫోను ఎత్తింది. "లైను చూస్తున్నానమ్మా, వినపడుతోందా?" అన్నాడు అవతల మెకానిక్. ఎవరూ ఎవర్నీ తిట్టలేదు. ఎవరికీ ఏ ఏడుపూ అడ్డం రాలేదు.

పెద్దక్క నవ్వు మొహం మీదే చచ్చిపోయింది. గడియ మీద చెయ్యి అలాగే ఉంది. తీసింది. గువ్వ బొంతల మధ్య కూర్చుని, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఉంది. ఏడవడం లేదు. ఎత్తుకోబోతే చేతులు చాపలేదు. గుడ్డల మూటలా ఎత్తించుకుంది.

"అక్కా, ఏమైంది? నీ మొహం అలా అయిందేంటి?" అంది చీపురుపుల్ల.

"ఏం లేదు. పాలు వేడిచెయ్యి."

పెద్దక్క ఆ రోజు ఎవరి మొహమూ చూడలేదు. ఆ పిల్ల మొహమైతే అసలే చూడలేదు. తల కొట్టేసినట్టు తిరిగింది. ఇంటికెళ్ళి కడుపునొప్పని పడుకుంది. నొప్పి కడుపులో కాదు.

సెలవురోజు తమ్ముడి ఇంటికి వెళ్ళింది. వెళ్ళకపోతే రాలేదేమని అడుగుతారని వెళ్ళింది. తమ్ముడు సరుకుల బండి నడుపుతాడు. నోరు మంచిదే, గొంతే పెద్దది, ఆ గొంతే కూతురికి వచ్చింది. ఫ్యాను బాగుచేయించే విషయంలో మొగుడూ పెళ్ళాలకు మాటామాటా వచ్చింది.

"నెలరోజుల నుంచి చెప్తున్నా ఆ రెక్క ఊగుతోందని. నెత్తిన పడ్డాక బాగు చేయిస్తావా?" అంది మరదలు.

"నీ నెత్తిన పడితే రెక్కే విరుగుతుందిలే!" అన్నాడు వాడు గట్టిగా. హాస్యానికే అన్నాడు. మరదలు కూడా నవ్వు ఆపుకుంటోంది.

గువ్వ లేచింది. తువ్వాలు వెతుక్కుంది. బాత్రూంలోకి వెళ్ళి తలుపు లాక్కుంది.

మరదలి మొహంలో నవ్వు పోయింది.

"ఇదిగో వదినా, ఈ మధ్య దీని వరస ఇదే" అంది మరదలు, గొంతు తగ్గించి. "మాట కాస్త పైకి లేస్తే చాలు, పోయి అందులో కూర్చుంటుంది. ఏడవనైనా ఏడవదు. పిలిస్తే పలకదు. ముందు అత్త అనేది, పాలు అనేది, పో అనేది. ఇప్పుడు అదీ లేదు. డాక్టరు చెవులు చూశాడు, బాగానే ఉన్నాయన్నాడు. నీ దగ్గర ఎలా ఉంటోంది?"

పెద్దక్క కొంగు సర్దుకుంది.

"బాగానే ఉంటుంది."

"అల్లరి చేస్తుందా?"

"లేదమ్మా. అస్సలు చెయ్యదు."

"నువ్వున్నావు కాబట్టి సరిపోయింది వదినా. ఇంకెవరి దగ్గరైనా అయితే నాకు నిద్ర పట్టేది కాదు."

"అత్త పోలిక వచ్చిందిలేవే" అన్నాడు తమ్ముడు. "చిన్నప్పుడు నాన్న అరిస్తే మా అక్క మంచం కింద దూరేది. ఒక్కతే కాదు, నన్నూ కాలు పట్టి లాక్కుపోయేది. నోరు మూసి పట్టుకునేది. గుర్తుందా అక్కా?"

గుర్తుంది. మంచం కింద చీకటి గుర్తుంది. తమ్ముడి వేడి ఊపిరి అరచేతికి తగలడం గుర్తుంది. అప్పుడు ఇద్దరూ ఉన్నారు. ఇప్పుడు ఆ బొంతల మధ్య ఆ పిల్ల ఒక్కతే ఉంది. పైగా గడియ.

చెప్పేద్దామనుకుంది. నోరు తెరిచింది కూడా. "ఆ ఫ్యాను సంగతి చూడరా, నిజంగానే పడుతుంది" అని వచ్చింది నోట్లోంచి. బాత్రూం తలుపు తీసి, తడి నేల మీద కూర్చున్న పిల్లను ఎత్తి తల్లికిచ్చి, పనుందని బయల్దేరింది. చెప్పులు తొడుక్కుంటుంటే మరదలు, "ఉండు వదినా, తిని వెళ్దువు" అంది. ఆ మాటకు పెద్దక్కకు చచ్చినంత పనైంది.

ఇంత తెలిశాక మర్నాడే మాట్లాడిందా అంటే, లేదు. ఆ సంగతి దాచాల్సిన పని లేదు. గువ్వను లోపల పెట్టడం మానేసింది, అంతే. ఫోను మోగితే తనే వెళ్ళి గువ్వను ఒళ్ళో కూర్చోబెట్టుకునేది, అది ఒళ్ళోంచి జారిపోయి ఆ తలుపు వైపు నడిచేది. ఆ తలుపుకు అడ్డంగా బొమ్మల పెట్టె జరిపింది. పిల్ల పెట్టె పక్కన గోడకు మొహం పెట్టి నిలబడేది. చీపురుపుల్ల సైరన్ అనడం మానేసింది. అంత నోరున్నది కూడా కుక్కిన పేనులా ఉంది. ముగ్గురు ఆడవాళ్ళూ ఒకరి కళ్ళల్లోకి ఒకరు చూసుకోకుండా పనిచేశారు. గదిలో సిగ్గు పొగలా కమ్ముకుంది. ఎవరూ చెప్పుకోలేదు, అందరి ఊపిరిలోకీ అదే పోయింది. పిల్లలకూ అంటిందేమో, ఆటలు మందగించాయి.

మేడంకి మాత్రం ఆ నిశ్శబ్దం చాలా నచ్చింది. సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్ళే వేళకు హుషారుగా వచ్చింది. వెంట ఒక ఆయా ఉంది, వెనక బిల్డింగు ఆమె. అక్కడ రెండో షిఫ్టు వాళ్ళ పిల్లలుంటారు. గుమ్మంలో అప్పటికే తల్లులు, తండ్రులు చేరారు. ప్యాకింగు ఆడవాళ్ళున్నారు, కవలల కోసం ఆఫీసరుగారున్నారు. అందరి వెనకా, చేతి సంచి భుజాన వేసుకుని, మరదలుంది.

"పెద్దక్కా, నీ పేరు పైదాకా వెళ్ళింది!" అంది మేడం. "కిందటివారమే వెనక బిల్డింగులోనూ నీ పద్ధతి మొదలుపెట్టించాను. ఈమెకేదో అనుమానం ఉందట, నువ్వైతే బాగా చెప్తావని తీసుకొచ్చా. అడుగమ్మా."

ఆ ఆయా మొహమాటపడింది. "బాగానే పనిచేస్తోందక్కా. గోల తగ్గింది. కానీ ఒక పిల్ల ఉంది, లోపల పెడితే ఊరుకోదు, తలుపు కొడుతూనే ఉంటుంది. చేతులు ఎర్రబడిపోతున్నాయి. మీ దగ్గర పిల్ల ఇప్పుడు అసలు ఏడవదట కదా. ఎన్నాళ్ళు పెడితే అలా మానేసింది?"

మరదలి సంచి భుజం మీద నుంచి జారింది. ఎత్తుకోలేదు.

పెద్దక్క ఏదో ఒకటి చెప్పి పంపెయ్యొచ్చు. మేడం నవ్వుతోంది, ఆఫీసరుగారు గడియారం చూసుకుంటున్నారు. గోడ పక్కన గువ్వ నిలబడి ఉంది. అది ఎవరి వైపూ చూడటం లేదు. మిగిలిన పిల్లలు మాత్రం పెద్దక్క మొహమే చూస్తున్నారు.

"నేను దాన్ని అందులో పెట్టి గడియ పెట్టేదాన్ని" అంది పెద్దక్క. "ఆ గుడ్డల గదిలో. చీకట్లో. అది ఏడుపు మానలేదమ్మా. ఏడిచినా ఎవరూ రారని దానికి తెలిసిపోయింది. అంతే. దాన్ని పద్ధతి అనకండి."

"పెద్దక్కా, ఏం మాట్లాడుతున్నావు?" అంది మేడం.

"ఎవర్ని పెట్టావు వదినా?"

వెనక నుంచి ఆ మాట మెల్లగా వచ్చింది. మనుషులు పక్కకు తప్పుకున్నారు. పెద్దక్క మరదలి పాదాల వైపు చూసింది, అంతకంటే పైకి కళ్ళు లేవలేదు.

"గువ్వనే."

"దాన్నొక్కదాన్నేనా?"

"ఆ."

"ఎందుకు దాన్నే?"

"నువ్వు అడగవని."

చీపురుపుల్ల ముందు తల దించుకుంది. ఆమెను చూసి కొత్తమ్మాయి. ప్యాకింగు ఆడవాళ్ళల్లో ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, పక్కామె చూపు నేలకు దిగింది. ఆఫీసరుగారు కవలల చేతులు గట్టిగా పట్టుకుని తన బూట్ల వైపు చూసుకున్నారు. దూది పోగు గుర్తొచ్చి ఉండాలి. తన పిల్లాణ్ణి తప్పించాక ఆ గదిలోకి ఎవరు వెళ్తున్నారో ఆయన అడగలేదు, మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. మేడం నవ్వు ఎటు పోవాలో తెలియక మొహం మీద ఇంకా వేలాడుతోంది. చివరికి ఆమె తలా దిగింది.

మరదలు వచ్చి గువ్వను ఎత్తుకుంది. పిల్ల తల భుజానికి అదుముకుని అలాగే నిలబడింది. పెద్దక్కను కొట్టలేదు, తిట్టలేదు. వెనక బిల్డింగు ఆయా వైపు తిరిగింది.

"ఆ తలుపు కొట్టే పిల్ల ఇప్పుడెక్కడుంది?"

ఆయా తడబడింది. "అక్కడే... నేను ఇటొచ్చే ముందు లోపలే పెట్టా. అక్కడ ఇంకొకామె ఉంది, చూస్తూనే ఉంటుంది."

"లోపలే ఉందా? ఇప్పుడా?"

ఆయా మేడం వైపు చూసింది.

"ఒక్క నిమిషం, ఒక్క నిమిషం" అంది మేడం రెండు చేతులూ ఎత్తి. "అందరూ కంగారు పడొద్దు. నేను పైవాళ్ళతో మాట్లాడతాను. రేపు పొద్దున్నే కూర్చుని, అన్నీ మాట్లాడుకుని..."

"మాట్లాడేదేంటి మేడం" అంది మరదలు. "తలుపు కొడుతోందంటున్నారు కదా!" పెద్దక్క వైపు చూడకుండానే, "నీతో తర్వాత మాట్లాడతా వదినా. చాలా ఉంది. ముందు ఆ పిల్లను తియ్యండి" అంది.

ఇంకా వదినా అనే అంది. ఆ పిలుపు చెంపదెబ్బలా తగిలింది పెద్దక్కకు. ఏడుపొచ్చింది. ఏడవలేదు, ఇక్కడ ఏడిచే హక్కు తనకు లేదనిపించింది. కళ్ళు తుడుచుకుని మేడం ముందుకు వెళ్ళి నిలబడింది. అన్నేళ్ళలో మొదటిసారి ఆమె కళ్ళల్లోకి సూటిగా చూసింది.

"రేపు కాదు మేడం, ఇప్పుడే. నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తే తీసెయ్యండి, ఆ కాగితం రేపు రాసుకోండి. ఇప్పుడు మాత్రం నడవండి. వెనక బిల్డింగుకి మీరే ముందు నడవండి, మేమంతా మీ వెనకే వస్తాం. ఆ గడియ మీ చేత్తో తియ్యండి. తీసి, ఆ పిల్లను మీ ఒళ్ళో పెట్టుకుని, అక్కడే నేల మీద కూర్చోండి. అది ఎంతసేపు ఏడిస్తే అంతసేపు వినండి. ఊరుకో అనకండి. ఎవర్నీ ఊరుకోబెట్టనివ్వకండి. కదలండి మేడం, పదండి, ఆ పిల్ల చేతులు నొప్పెడుతున్నాయి."